వెంట్రుకంత మందం లేని పొర

అందరికీ నమస్కారం.

మీ చేతుల్లో ఈ కార్యక్రమం వివరాలున్న కాగితం ఉంది కదా, దాన్ని ఒక్కసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూడండి. మామూలు ప్రింటింగ్ కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద రేకుకు అంటుకున్న మొదటి పొర నుంచి పైన మెరిసే పొర దాకా రంగు పొరలన్నీ కలిపి కొలిచినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే ఉంటాయి. ఎండకీ వానకీ, దుమ్ముకీ రాళ్లకీ, పిట్టల రెట్టలకీ, మనం తుడిచే గుడ్డలకీ ఎదురు నిలబడేది ఇంచుమించు ఆ కాగితమంత మందమే.

ఆ కాస్త మందంలోనూ నాలుగు పొరలున్నాయి. అడుగున తుప్పును ఆపే పొర. కారు బాడీ మొత్తాన్ని ద్రావణం నింపిన తొట్టిలో ముంచి, కరెంటు పంపి దాన్ని ఎక్కిస్తారు. అది సుమారు 20 మైక్రాన్లు. దాని మీద 30, 40 మైక్రాన్ల ప్రైమర్. ఆపైన మనం ఎరుపనీ తెలుపనీ ఎంచుకునే అసలు రంగు. ఆశ్చర్యం ఏమిటంటే చాలా కార్లలో అదే అన్నిటికన్నా పలుచన, 15 నుంచి 20 మైక్రాన్లు. అన్నిటికీ పైన ఏ రంగూ లేకుండా గాజులా పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్, 40 నుంచి 50 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక సగటున 70 మైక్రాన్లుంటుంది. అంటే క్లియర్ కోట్‌కు వెంట్రుకంత మందం కూడా లేదు. కారుకు మెరుపునిచ్చేది అదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను మింగి కింది రంగు వెలిసిపోకుండా కాపాడే రసాయనాలు ఉండేదీ అందులోనే.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క పొర గురించే. సెరామిక్ కోటింగ్ అనే పూత, పీపీఎఫ్ అనే పారదర్శకమైన ఫిల్మ్ అని మీరు వింటున్నవన్నీ దీన్ని కాపాడుకోవడానికే. ఇది తరిగేదే గానీ పెరిగేది కాదు. రబ్బింగ్, పాలిషింగ్ అంటే గీతను చెరిపేయడం అనుకుంటాం. నిజానికి గీత చెరగదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో అంతవరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి చదును చేస్తాం. మెరుపు తిరిగి వస్తుంది, మందం మాత్రం తగ్గిపోతుంది.

కార్లకు పాలిష్ పెట్టే ఈ పనిలోకి నేను వచ్చిన మొదటి రోజుల్లో ఒక పాత కారు వచ్చింది. అంతకుముందు దాన్ని ఎన్నిసార్లు పాలిష్ చేశారో ఓనర్‌కే గుర్తులేదు. నేను మందం కొలవకుండానే బానెట్ అంచు దగ్గర మెషిన్ పెట్టాను. అంచుల దగ్గర రంగు మామూలుగానే పలుచగా ఉంటుంది. కొన్ని సెకన్లలో తెల్లటి ప్యాడ్ మీద నీలం కనిపించింది. ప్యాడ్‌కు కారు రంగు అంటుకుందంటే క్లియర్ కోట్ అయిపోయినట్టే. దాన్ని ఏ పాలిషూ బాగుచేయలేదు. ఆ బానెట్‌కు మళ్లీ రంగు వేయించాల్సి వచ్చింది. అప్పటినుంచి మందం కొలిచే మీటర్ పెట్టకుండా నేను మెషిన్ ముట్టుకోలేదు. మీ కారు పాలిష్ చేసేవాళ్ల దగ్గర ఆ మీటర్ ఉందా అని అడగండి. లేదంటే ఆ పని అక్కడ చేయించకండి.

ఇంతకీ ఈ పొరను పాడుచేసేవి ఏమిటి? అందరూ ముందు ఎండ అంటారు, యాసిడ్ వాన అంటారు. నేను చూసినంతలో మొదటి స్థానం మన చేతులదే. పొద్దున్నే కారు మీద పేరుకున్న పొడి దుమ్మును పొడి గుడ్డతోనో కుచ్చులున్న డస్టర్‌తోనో తుడుస్తాం. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకంటే క్వార్ట్జ్, అది క్లియర్ కోట్ కన్నా ఎంతో గట్టిది. ఆ గుడ్డ కింద ఇసుక రేణువులు ఉప్పు కాగితంలా పనిచేస్తాయి. ఒక్కరోజుకు ఏమీ కనిపించదు. ఏడాది తర్వాత రాత్రిపూట వీధిదీపం కింద నిలబడి చూడండి, దీపం వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి. గుండ్రంగా తుడవడం వల్ల వచ్చాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కుల్లోనూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి కంటికి వలయంలా కనిపిస్తాయి. నల్ల కార్లలో ఇవి కొట్టొచ్చినట్టు కనపడతాయి. తెల్ల కార్లలోనూ ఉంటాయి, కాకపోతే కంటికి ఆనవు.

రెండోది పిట్టల రెట్ట. అందులో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. ఆమ్లం ఒక్కటే అయితే ఇంత నష్టం ఉండదు, దానికి ఎండ తోడవుతుంది. ఎండకు క్లియర్ కోట్ కొద్దిగా మెత్తబడి వ్యాకోచిస్తుంది. సాయంత్రం చల్లబడి సంకోచించేటప్పుడు ఎండి గట్టిపడిన రెట్ట చుట్టూ అచ్చు పోసినట్టు బిగుసుకుంటుంది. తర్వాత రెట్ట తీసేసినా ఆ మచ్చ పోదు. కాబట్టి చూసిన వెంటనే తీసేయాలి. గోటితో గీకకండి, పొడిగుడ్డతో తుడవకండి. తడిపిన మెత్తటి గుడ్డను దాని మీద నాలుగైదు నిమిషాలు పరిచి ఉంచితే నాని, దానంతటదే గుడ్డతో పాటు లేచి వస్తుంది. పురుగుల మరకలకూ చెట్ల జిగురుకూ ఇదే ఓపిక కావాలి.

నీటి మరకలు మూడోవి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్లు కారు మీద ఆరిపోతే నీరు ఆవిరై లవణం మిగులుతుంది. మొదట్లో అది పైపైన ఉన్న తెల్లటి పొడి మాత్రమే, పలుచని వెనిగర్‌తో పోతుంది. ఎండలో పదే పదే ఆరితే క్లియర్ కోట్‌లోకి తినేస్తుంది. అప్పుడిక పాలిష్ పెట్టాల్సిందే. ఇక బ్రేకుల నుంచి రాలే వేడి ఇనుప రజను, చిన్న రాళ్లు. రాయి తగిలితే పొరలన్నీ ఒకేసారి ఊడి రేకు బయటపడుతుంది. అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది.

ఈ శత్రువుల్లో కొన్ని కొట్టి పాడుచేసేవి, కొన్ని అంటుకుని పాడుచేసేవి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఏది కొనాలో మీకే తెలుస్తుంది. అంటుకునే వాటికి సెరామిక్ కోటింగ్. కొట్టే వాటికి ఫిల్మ్. సెరామిక్ కోటింగ్ చేయిస్తే రాళ్లు తగలవు, గీతలు పడవు అని మీకెవరైనా చెబితే అది అబద్ధం. ఈ మాట నేను ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ ఒక్క అబద్ధం నమ్మి డబ్బు పెట్టి, మొదటి గీత పడ్డ రోజున కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను.

సెరామిక్ కోటింగ్ అంటే ఏమిటో చూద్దాం. చిన్న సీసాలో ద్రవం ఉంటుంది. అందులో సిలికాన్ ఆధారిత రసాయనాలు, వాటిని పలుచగా పరిచే సాల్వెంట్ ఉంటాయి. స్పాంజి ముక్కకు చుట్టిన మెత్తటి గుడ్డ మీద రెండు మూడు చుక్కలు వేసి ప్యానెల్ మీద రాస్తారు. సాల్వెంట్ ఎగిరిపోతుంది. మిగిలింది గాలిలోని తేమతో చర్య జరిపి, సిలికాన్, ఆక్సిజన్ గొలుసుల వల అల్లుకుని గాజులాంటి పొరగా గట్టిపడుతుంది. క్లియర్ కోట్‌ను కూడా గట్టిగా పట్టుకుంటుంది. మైనం రాస్తే అది ఉపరితలం మీద ఊరికే కూర్చుంటుంది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం చాలా మంచిదే, కానీ షాంపూకీ ఎండకీ కొన్ని వారాల్లో పోతుంది. కోటింగ్ షాంపూతో పోదు. పోగొట్టాలంటే అరగదీయాల్సిందే.

మరి ఆ పొర మందం ఎంత? ఒక మైక్రాన్, అటూ ఇటూ. చాలామందికి నమ్మబుద్ధి కాదు. చిన్న లెక్క చూడండి. పది చదరపు మీటర్ల రేకును ఒక మైక్రాన్ మందంతో కప్పాలంటే గట్టిపడిన పదార్థం 10 మిల్లీలీటర్లు చాలు. కారు మొత్తానికి వాడే సీసా 30 నుంచి 50 మిల్లీలీటర్లే, అందులో కొంత సాల్వెంట్‌గా ఎగిరిపోతుంది, కొంత గుడ్డ పీల్చుకుంటుంది. ఒక మైక్రాన్ పొర రాయిని ఆపలేదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఐదు లేయర్లు వేస్తాం, ఏడు లేయర్లు వేస్తాం అనే మాటల్ని కూడా ఈ లెక్కతోనే చూడండి. నా అభిప్రాయంలో రెండో లేయర్ ఉపయోగం ఏమిటంటే మొదటిసారి ఎక్కడైనా చెయ్యి తప్పిపోయి ఉంటే ఆ ఖాళీని నింపడం. అంతకుమించి వేసేవి బిల్లును పెంచినంతగా రక్షణను పెంచవు.

సీసా మీద 9హెచ్ అని రాసి ఉంటుంది. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. ఖనిజాల గట్టిదనానికి మోస్ స్కేలు అని ఒకటుంది. అందులో వజ్రం 10, క్వార్ట్జ్ ఇసుక 7. 9 అనగానే వజ్రం పక్కనే ఉంటుందని మనం అనుకుంటాం. కానీ సీసా మీది 9హెచ్ పెన్సిల్ పరీక్షకు సంబంధించినది. డ్రాయింగ్ పెన్సిళ్లు మెత్తటి 9బీ నుంచి గట్టి 9హెచ్ దాకా ఉంటాయి కదా, ఆ వరుస. పెన్సిల్‌ను 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో పూత మీద నెడతారు. ఏ పెన్సిల్ దాకా గీత పడలేదో అదే ఆ పూత గట్టిదనం. 9హెచ్ పెన్సిల్ ములుకు కూడా గ్రాఫైట్, బంకమన్ను కలిపి కాల్చిందే. దాన్ని తట్టుకోవడం వేరు, ఇసుకను తట్టుకోవడం వేరు. పైగా ఈ పూత కూర్చున్నది క్లియర్ కోట్ మీద, అది దీనికన్నా మెత్తనిది. పరుపు మీద పలుచని గాజు పలక పరిచి దాని మీద బరువు పెడితే గాజు ఎంత గట్టిదైనా పరుపు కుంగుతుంది, పలక పగులుతుంది. ఇక్కడ జరిగేదీ అదే.

మరి ఇంత చెప్పి కోటింగ్ వేయించమని ఎందుకంటాను? అది చేసే పని అది నిజంగా బాగా చేస్తుంది కాబట్టి. రెట్టలోని ఆమ్లం, పురుగుల మరకలు, తారు చుక్కలు క్లియర్ కోట్‌ను నేరుగా తాకకుండా ముందు ఈ పొరకు తగులుతాయి. మనకు కొంత సమయం దొరుకుతుంది. మట్టి గట్టిగా పట్టుకోదు కాబట్టి కడిగేటప్పుడు తక్కువ రుద్దుతాం. తక్కువ రుద్దితే గీతలు తక్కువ. నా లెక్కలో కోటింగ్ ఇచ్చే అతిపెద్ద రక్షణ ఇదే. మనం గట్టిగా రుద్దాల్సిన అవసరాన్ని అది తగ్గిస్తుంది.

నీళ్లు ముత్యాల్లా జారిపోవడం చూసి అందరూ ముచ్చటపడతారు. తామరాకు మీద నీటిబొట్టు అని మనకు అలవాటైన మాట కదా, అమ్మేవాళ్లు కూడా తామరాకు బొమ్మే చూపిస్తారు. తామరాకు మీద నీరు ఎందుకు నిలవదో జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు విల్హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో వివరంగా ప్రచురించారు. ఆకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద మైనపు సన్నటి నలుసులు ఉంటాయి. బొట్టు ఆ బుడిపెల కొనల మీద నిలబడి, దొర్లిపోతూ దుమ్మును వెంట తీసుకుపోతుంది. అక్కడ నీటిబొట్టు ఉపరితలంతో చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది. కారు కోటింగ్ నున్నగా ఉంటుంది, బుడిపెలుండవు, కోణం సాధారణంగా 100 డిగ్రీలు, ఇంకొంచెం పైన. నీరు త్వరగా జారుతుంది, నిజమే. కానీ తామరాకులా కారు తనను తాను కడుక్కోదు. వాన వెలిశాక బానెట్ మీద నిలిచిన బొట్లు ఎండకు ఆరితే వాటిలోని లవణమంతా ఒక్కోచోట గుండ్రటి మరకగా మిగులుతుంది. కోటింగ్ ఉన్న కారునూ తడి తుడవాల్సిందే. ఈ మాట అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను.

కోటింగ్ నిలుస్తుందా లేదా అనేది సీసా కన్నా ముందు జరిగే పని మీద ఆధారపడి ఉంటుంది. కారును బాగా కడిగాక కూడా పలుచని ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద మెల్లగా పోనివ్వండి. ఉప్పు కాగితంలా గరగరలాడుతుంది. కళ్లకు శుభ్రంగా కనిపించిన రంగులో గుచ్చుకుపోయిన రజను వేళ్లకు తెలుస్తుంది. ముందు ఇనుప రజనుకు ఐరన్ రిమూవర్ చల్లుతారు. అది ఇనుముతో కలిసి ఊదారంగులోకి మారి కారిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు కారు రంగే కరిగిపోతోందని కంగారు పడతారు, టెన్షన్ అక్కర్లేదు. తర్వాత తారు తీసే ద్రవం. తర్వాత షాంపూ నీళ్లతో తడుపుతూ క్లే బార్ అనే బంకముద్దతో మిగిలిన రజనును లాగేస్తారు. క్లే కింద పడితే దాన్ని మళ్లీ వాడకూడదు, నేల మీది ఇసుకంతా అందులోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మందం కొలిచి, అవసరమైనంత మేరకే పాలిష్. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో పాలిష్ నూనెలన్నీ తుడిచేస్తారు. ఆ నూనెలు గీతల్ని నింపి దాచేస్తాయి. తుడిచాక అసలు రూపం బయటపడుతుంది. అప్పుడే ఓనర్‌ను పిలిచి లైటు వేసి చూపించాలి. కోటింగ్ గాజులా పారదర్శకం కాబట్టి దాని కింద మిగిలిన ప్రతి గీతా అలాగే ఉండిపోతుంది.

కోటింగ్ రాసి తుడవడంలో సమయం చాలా ముఖ్యం. తేమ ఎక్కువగా ఉంటే త్వరగా గట్టిపడుతుంది, చల్లగా పొడిగా ఉంటే ఆలస్యమవుతుంది. ప్యానెల్ వేడిగా ఉన్నప్పుడు రాయనే రాయకూడదు. రాసిన కాసేపటికి ఉపరితలం మీద నూనె తెట్టులా రంగురంగులుగా కనిపిస్తుంది. అదే తుడవాల్సిన క్షణం. తుడవడం ఆలస్యమైతే అక్కడక్కడా నల్లటి చారలు గట్టిపడి మిగిలిపోతాయి. వాటిని హై స్పాట్స్ అంటారు, మళ్లీ పాలిష్‌తో తీయడమే మార్గం. వేశాక ఒక రోజు నీళ్లు తగలకూడదు, ఒక వారం షాంపూ పెట్టకూడదు. పొద్దున కారు తీసుకెళ్లి సాయంత్రం కోటింగ్‌తో ఇచ్చేస్తాం అనేవాళ్ల దగ్గర పై పనుల్లో కొన్ని జరగలేదని అర్థం.

ఇప్పుడు ఫిల్మ్ దగ్గరికి వద్దాం. పీపీఎఫ్, అంటే రంగును కాపాడే పారదర్శకమైన ఫిల్మ్. దీని మూలం కార్లలో లేదు. వియత్నాం యుద్ధకాలంలో ఇసుక, చెత్త ఎగిరి తగిలి హెలికాప్టర్ రెక్కల అంచులు పాడవుతుంటే, వాటి మీద అంటించడానికి త్రీఎమ్ కంపెనీ పాలీయురెథేన్ టేపు చేసిచ్చింది. అదే ఆలోచన తర్వాత రేసు కార్ల ముందు భాగాలకు, అక్కడి నుంచి మామూలు కార్లకు వచ్చింది. ఇప్పటి ఫిల్మ్ మందం 150 నుంచి 200 మైక్రాన్లు. ఇందాకటి అంకె గుర్తు తెచ్చుకోండి. కారు రంగు పొరలన్నీ కలిపినా 100 నుంచి 150. అంటే రంగు మొత్తం కన్నా మందమైన మరో పొరను మనం పైన కప్పుతున్నాం, అదీ రబ్బరులా సాగే గుణంతో. చిన్న రాయి తగిలితే ఆ దెబ్బను అది కుంగి మింగేస్తుంది.

ఫిల్మ్‌కూ పొరలున్నాయి. అడుగున ఒత్తితే అంటుకునే జిగురు. మధ్యలో అసలు శక్తి అయిన థెర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్, టీపీయూ. పైన కొద్ది మైక్రాన్ల టాప్ కోట్. సన్నగీతలు వాటంతటవే మానిపోతాయని చెబుతారే, అది ఈ పై పొర గుణం. దాని అణువులకు పాత ఆకారం గుర్తుంటుందని అనుకోండి. ఎండకో గోరువెచ్చటి నీళ్లకో వేడెక్కగానే పక్కకు జరిగిన పదార్థం తన చోటికి తిరిగి వస్తుంది. ఇది నేను వందలసార్లు చూశాను, అయినా ప్రతిసారీ ఆగి చూడాలనిపిస్తుంది. కానీ తాళంచెవితో ఫిల్మ్ కోసుకుపోతే అది మానదు. అక్కడ ఫిల్మ్ తన ప్రాణం ఇచ్చి రంగును కాపాడిందని అర్థం. ఆ ముక్క మార్చుకోవాలి.

ఇదే పేరుతో పీవీసీ ఫిల్మ్‌లు కూడా అమ్ముతున్నారు. ఇక్కడ జాగ్రత్త. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు ఎండకు నెమ్మదిగా బయటికి పోతాయి. ఫిల్మ్ పెళుసెక్కుతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది, ముడుచుకుపోతుంది. తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా చిరిగి జిగురంతా రంగు మీదే మిగిలిపోతుంది. అలాంటి ఒక కారు నుంచి జిగురు వదిలించడానికి మాకు మూడు రోజులు పట్టింది. చూడగానే రెండింటికీ తేడా కనిపెట్టడం కష్టం. కాబట్టి బిల్లులో టీపీయూ అని, ఉత్పత్తి పేరు, మందం, రోల్ నంబరు రాసివ్వమనండి. రాసివ్వడానికి వెనకాడేవాళ్ల దగ్గర ఆగకండి.

కారు మొత్తం వేయించాలా అని అడుగుతారు. స్తోమత ఉంటే మంచిదే. లేకపోతే రాళ్లు నేరుగా తగిలే చోట్లు చాలు. ముందు బంపర్, బానెట్, ముందు ఫెండర్లు, సైడ్ మిర్రర్లు, ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలు, డోర్ల కింది పట్టీలు, వెనక చక్రాలకు ముందున్న భాగం. వాటితో పాటు డోర్ హ్యాండిల్ వెనకున్న గుంట. గోళ్ల గీతలు ఎక్కువ పడేది అక్కడే, అతి చిన్న ముక్క సరిపోతుంది. బానెట్‌కు సగం వేయించవద్దని మాత్రం నా సలహా. ఆ మధ్య గీత దగ్గర మట్టి పడుతుంది, కొన్నేళ్ల తర్వాత తీస్తే కప్పి ఉన్న సగానికీ ఎండ తగిలిన సగానికీ తేడా కనబడుతుంది.

వేసే విధానంలో అడగాల్సినది ఒక్కటే. ఫిల్మ్‌ను కంప్యూటర్‌లో కారు కొలతల ప్రకారం ముందే కోస్తారా, కారు మీద పరిచి బ్లేడుతో కోస్తారా? రెండో పద్ధతిలో చాలా నేర్పున్న చేతులు అద్భుతంగా చేస్తాయి, అంచులు బాగా మడతపడతాయి. కానీ బ్లేడు ఒక్క క్షణం లోతుగా దిగితే మనం కాపాడాలనుకున్న క్లియర్ కోటే తెగుతుంది, అదీ ఫిల్మ్ కింద, ఏళ్ల తరబడి తెలియకుండా. వేశాక మొదటి కొన్ని రోజులు లోపల తేమ వల్ల మసకగా, చిన్న నీటి బుడగల్లా ఉంటుంది. అవి వారాల్లో ఆరిపోతాయి. దుమ్ము కణం చిక్కుకున్నది మాత్రం ఆరదు, అది చూపించి అడగాలి.

రెండూ వేయించాలనుకుంటే ముందు ఫిల్మ్, దాని మీద కోటింగ్. తిరగేస్తే కుదరదు, ఏదీ అంటకుండా ఉండడమే కోటింగ్ గుణం కాబట్టి జిగురుకు పట్టు దొరకదు. ఫిల్మ్ కూడా రెట్టలకూ తారుకూ మరకలు పట్టేదే, అందుకని పైన కోటింగ్ ఉండడం దానికీ మేలే.

రంగు కాని భాగాల గురించి త్వరగా చెబుతాను. హెడ్‌లైట్లు పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్, వాటికి ఫ్యాక్టరీలోనే ఒక గట్టి పూత వస్తుంది. అది ఎండకు చెడితే పసుపెక్కుతాయి. రుద్ది తెల్లగా చేయవచ్చు, కానీ ఆ రుద్దడంలో మిగిలిన పూత కూడా పోతుంది. వెంటనే ఫిల్మో కోటింగో వేయకపోతే నెలల్లోనే మళ్లీ మసకబారుతాయి. అందుకే కొత్తగా ఉన్నప్పుడే ఫిల్మ్ వేయించుకోవడం తెలివైన పని. అద్దాలకు వేరే కోటింగ్ ఉంటుంది, రంగుది అద్దానికి పూస్తే వైపర్లు కిచకిచమంటాయి. మెరుపు లేని మ్యాట్ రంగు కార్లను ఎవరినీ పాలిష్ చేయనివ్వకండి, మెరిసే మచ్చలు పడి మళ్లీ పోవు. వాటికి మ్యాట్ ఫిల్మ్, మ్యాట్ కోసమే చేసిన కోటింగ్ ఉన్నాయి. బంపర్ వెనక రాడార్ సెన్సర్లున్న కార్లకు ఫిల్మ్ వేసేముందు కారు మాన్యువల్ చూడాలి.

ఇక కడగడం. ఇవన్నీ వేయించినా కడగడం మారకపోతే డబ్బు వృథా. నీడలో, ప్యానెల్ చల్లబడ్డాక మొదలుపెట్టండి. ముందు చెయ్యి పెట్టకుండా నీళ్లతోనే మట్టిని జార్చేయండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. ఒక ప్యానెల్ కడగ్గానే మిట్‌ను, అంటే కడిగే మెత్తటి చేతి తొడుగును, మామూలు నీళ్లలో జాడించి, మట్టి వదిలాకే షాంపూలో ముంచండి. పైనుంచి కిందికి, చక్రాలకు వేరే గుడ్డ. రెండో బకెట్ అడుగున చివర్లో పేరుకున్న ఇసుక చూడండి. ఆ బకెట్ లేకపోతే అదంతా మీ రంగు మీద తిరిగేది. ప్రెషర్ జెట్ వాడితే ఒక అడుగు దూరం నుంచి, ఫిల్మ్ అంచుకు ఎదురుగా కొట్టకుండా. ఆరబెట్టడానికి ఒత్తైన మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి లాగితే చాలు, రుద్దక్కర్లేదు.

మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, మా కారు కొత్తది. షోరూమ్ నుంచి నిన్నే వచ్చింది. దానికి కూడా పాలిష్ కావాలా?

చాలావరకు అవసరం పడదండీ. కానీ కొత్త కార్లకు కూడా యార్డులో, రవాణాలో దుమ్ము పట్టి, అప్పగించే ముందు హడావుడిగా తుడిచినప్పుడు గీతలు పడతాయి. అందుకే కొందరు తుడవకుండా, కడగకుండా ఇవ్వమని ముందే అడుగుతారు. మీరు లైటు వేసి చూడండి. ఉంటే మెత్తటి ఫినిషింగ్ పాలిష్ ఒక్కసారి చాలు, గట్టిగా అరగదీసే కటింగ్ కాంపౌండ్ జోలికి వెళ్లనివ్వకండి. ఫ్యాక్టరీ క్లియర్ కోట్ నిండుగా ఉన్న రోజు మళ్లీ రాదు.

ప్రశ్న: మాది కోటింగ్ చేయించి ఏడాదిన్నర అయింది. నీళ్లు ఇప్పుడు జారట్లేదు, పరుచుకుంటున్నాయి. మూడేళ్ల వారంటీ అన్నారు. పోయినట్టేనా అండీ?

వెంటనే పోయిందనుకోకండి. ఎక్కువసార్లు కోటింగ్ ఉంటుంది, దాని మీద లవణాలు, తారు, నూనె పొర పేరుకుని దాన్ని కప్పేసి ఉంటుంది. ముందు షాంపూతో కడగండి, తర్వాత ఐరన్ రిమూవర్, ఆపైన నీటి మరకలు తీసే ద్రవం ఒక చిన్న భాగంలో వాడి చూడండి. అక్కడ నీళ్లు మళ్లీ ముత్యాల్లా నిలిస్తే కోటింగ్ బతికే ఉంది. అప్పుడూ నిలవకపోతే వారంటీ కాగితం తీయండి. అందులో ఆర్నెల్లకోసారి చూపించాలనే షరతు ఉందేమో, నీటి మరకలు మినహాయింపుల్లో ఉన్నాయేమో చదవండి. ఇవి డబ్బు కట్టకముందే చదవాల్సినవి.

ప్రశ్న: బంపర్‌కు గుద్దుకుంటే మళ్లీ రంగు వేయించాను. దాని మీద ఫిల్మ్ వేయించవచ్చా?

వేయించవచ్చమ్మా, కానీ తొందర వద్దు. కొత్తగా వేసిన రంగులోంచి సాల్వెంట్లు కొన్ని వారాల పాటు బయటికి పోతూనే ఉంటాయి. రంగు వేసిన మనిషిని అడిగి, ఎలా ఆరబెట్టారో తెలుసుకుని, సాధారణంగా ఒక నెల ఆగాక వేయించండి. ఇంకో విషయం, ఆ ఫిల్మ్‌ను కొన్నేళ్ల తర్వాత తీసేటప్పుడు ఇది మళ్లీ రంగు వేసిన బంపర్ అని తీసే మనిషికి తప్పకుండా చెప్పండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా జిగురు లాగినా కదలదు. మళ్లీ వేసిన రంగు కింద సరిగా రుద్దకపోయినా, ప్రైమర్ పట్టకపోయినా ఫిల్మ్‌తో పాటు అది కూడా ఊడి వస్తుంది. వేడి గాలితో ఫిల్మ్‌ను మెత్తబరిచి, పైకి కాకుండా ఉపరితలానికి దాదాపు ఆనించినట్టు వెనక్కి మడిచి, చాలా నెమ్మదిగా లాగాలి. ఎక్కడైనా రంగు లేస్తున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపేసి, ఇంకోవైపు అంచు నుంచి మొదలుపెట్టమనండి.